ఇల్లే నేరస్థలమైన నవలలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నాగోలు నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో వెళ్లివచ్చే సమయమంతా చదువుకోవడానికే వాడుకుంటాను. కొంతకాలంగా భార్యాభర్తల మధ్య రహస్యాలు, అనుమానాలు, హత్యల చుట్టూ తిరిగే ఇంగ్లిష్ థ్రిల్లర్ నవలలే చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ దిగవలసిన స్టేషన్ కూడా గుర్తురానంతగా పట్టేస్తాయి. వారం తిరిగేసరికి వాటిలో చాలావాటి కథే గుర్తుండటం లేదు. ఒకటి రెండు మాత్రం నన్ను వదలడం లేదు. ఈ తేడా ఎందుకు వస్తోంది? అందరూ మెచ్చుకుంటున్న ఈ నవలల మీద మీ అభిప్రాయం మొహమాటం లేకుండా చెప్పండి. ముగింపులు మాత్రం బయటపెట్టకండి.
— ఒక పాఠకురాలు, నాగోలు

జవాబు: తేడా ఆ నవలల కట్టుబడిలోనే ఉంది. ఈ తరహా నవలలన్నీ ఒక మలుపు మీద నిలబడతాయి. కొన్నిటిలో ఆ మలుపు ఆ ఇంట్లో డబ్బు ఎవరి చేతిలో ఉంది, తాళాలు ఎవరి దగ్గర ఉన్నాయి, జరిగిన గొడవను ఎవరు చెబితే బయటివాళ్లు నమ్ముతారు అనే సంగతులలోంచి పుడుతుంది. మరికొన్నిటిలో, కథ చెబుతున్న మనిషికి మొదటినుంచీ తెలిసిన విషయాన్ని రచయిత మన దగ్గర దాచిపెట్టి, చివరి పేజీలలో తీసి చూపించడం వల్ల పుడుతుంది. మొదటి రకం నవలను ముగింపు తెలిశాక కూడా మళ్లీ చదవగలం. పైగా రెండోసారి చదివేటప్పుడు, మామూలు మాటలుగా దాటిపోయిన సంభాషణలలో బెదిరింపు ఎక్కడెక్కడ దాగి ఉందో కనిపించి ఇంకా కలవరపడతాం. రెండో రకంలో దాచినది బయటపడిన తరువాత పుస్తకంలో చదవడానికి ఏమీ మిగలదు. మీరు మరిచిపోతున్నవి చాలావరకు ఈ రెండో రకం నవలలే అయి ఉంటాయి.

ఇళ్లలోని భయం నవలలకు కొత్త వస్తువేమీ కాదు. డాఫ్నె డు మోరియే నవల ‘రెబెక్కా’, భార్యకు మతి చలిస్తోందని ఆమెనే నమ్మించజూసే భర్త కథగా పాట్రిక్ హామిల్టన్ రాసిన ‘గ్యాస్ లైట్’ నాటకం, రెండూ 1938లోనే వచ్చాయి. ఇప్పుడు మనం చూస్తున్న వెల్లువకు మాత్రం 2012లో గిలియన్ ఫ్లిన్ రాసిన ‘గాన్ గర్ల్’ దారి తీసింది. ఈ కోవలో ఇప్పటికీ దానిదే మొదటి స్థానమని నా అభిప్రాయం. న్యూయార్క్‌లో పత్రికలకు రాసుకుంటూ బతికిన భార్యాభర్తలిద్దరి ఉద్యోగాలూ పోతాయి. జబ్బుపడిన తల్లి కోసం భర్త తన సొంత ఊరైన మిస్సోరీలోని చిన్న పట్టణానికి కాపురం మారుస్తాడు. భార్య దగ్గర మిగిలిన డబ్బుతో అక్కడ ఒక బార్ పెడతాడు. ఐదో పెళ్లిరోజున భార్య మాయమవుతుంది. భర్త చెప్పే కథ ఒక అధ్యాయం, భార్య డైరీ ఒక అధ్యాయంగా నవల సాగుతుంది. మిగతా రచయితలు చివరి పది పేజీల కోసం దాచుకునే మలుపును ఫ్లిన్ నవల సగంలోనే వాడేసి, మిగిలిన సగాన్ని ఆ ఇద్దరు మనుషుల స్వభావాల మీదే నడిపించారు. ఆ ధైర్యం ఎంతో గొప్పది. ఉద్యోగం పోవడం, ఊరు మారడం, ఒకరి డబ్బు మీద మరొకరు బతకడం ఒక దాంపత్యాన్ని లోపలినుంచి ఎలా తొలిచేస్తాయో అంత నిక్కచ్చిగా చూపిన థ్రిల్లర్ నేను మరొకటి చదవలేదు. చివరి భాగంలో పోలీసులు అడగవలసిన ప్రశ్నలు కొన్ని అడగకుండా వదిలేయడం మాత్రం నాకు నమ్మశక్యంగా అనిపించలేదు.

మీరు రైల్లో చదువుతానని రాశారు కనుక, పౌలా హాకిన్స్ 2015లో రాసిన ‘ది గర్ల్ ఆన్ ద ట్రెయిన్’ మీ కంటపడే ఉంటుంది. ఉద్యోగం పోయిన సంగతి తనతో ఉంటున్న స్నేహితురాలికి తెలియకూడదని రోజూ లండన్ రైలెక్కే రేచెల్, కిటికీలోంచి కనిపించే ఒక ఇంట్లోని జంటకు తానే పేర్లు పెట్టుకుని, వాళ్ల కాపురం ఎంత అందమైనదో ఊహించుకుంటూ ఉంటుంది. తాగిన రాత్రులు ఆమెకు గుర్తుండవు. ఆ రాత్రులలో తాను ఏం చేసిందో ఇతరులు చెబితేనే ఆమెకు తెలియాలి, వాళ్లు చెప్పినదాన్ని కాదనడానికి ఆమె దగ్గర ఏ ఆధారమూ ఉండదు. ఈ ఒక్క పరిస్థితిలో ఉన్నంత భయం పది హత్యలలో కూడా ఉండదు. శాస్త్రం వైపునుంచి చూసినా హాకిన్స్ ఎన్నుకున్న దారి సబబైనదే. మద్యం మితిమీరినప్పుడు మెదడులో కొత్త జ్ఞాపకాలు నమోదయ్యే పని దెబ్బతింటుంది. పూర్తిగా నమోదు కానివి తరువాత ఎంత ప్రయత్నించినా రావు, కొంతమేర నమోదైనవి మాత్రం ఏదో ఒక చోటును చూసినప్పుడో, ఒక మాట విన్నప్పుడో ముక్కలుముక్కలుగా రావచ్చు. రేచెల్‌కు అవి ముక్కలుగానే వస్తాయి. అయితే కథ చివరికి వచ్చేసరికి అవి అవసరానికి సరిపోయేంత స్పష్టంగా వచ్చేస్తాయి, అది నాకు తేలికైన దారిగా తోచింది. కథ చెప్పే ముగ్గురు ఆడవాళ్ల గొంతులూ ఒకేలా వినిపించడం మరో లోపం. ఈ రెండూ ఉన్నా, ఇది రెండోసారి చదవదగిన నవలే.

అలెక్స్ మైఖేలిడిస్ 2019లో రాసిన ‘ద సైలెంట్ పేషెంట్’ విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. భర్తను తుపాకితో కాల్చిచంపి, ఆ తరువాత ఒక్క మాటైనా మాట్లాడని అలీసియా అనే చిత్రకారిణి, ఆమెను మాట్లాడించాలని పట్టుబట్టే ఒక మానసిక చికిత్సకుడు: ఇంత మంచి ఎత్తుగడ ఈ మధ్య వచ్చిన ఏ థ్రిల్లర్‌కూ లేదు. దీని వెనుక ప్రాచీన గ్రీకు నాటకకర్త యూరిపిడీస్ రాసిన ఆల్కెస్టిస్ నాటకం ఉంది. భర్తకు బదులుగా తాను చనిపోవడానికి ఒప్పుకున్న ఆల్కెస్టిస్‌ను వీరుడు హెరాక్లీస్ మృత్యువు చేతిలోంచి విడిపించి తీసుకువస్తాడు, కానీ తిరిగివచ్చిన ఆమె భర్త ఎదుట నిలబడి ఒక్క మాటా మాట్లాడదు. మన సావిత్రి యముడితో మాట మీద మాట కలుపుతూ భర్త ప్రాణాన్ని వెనక్కి తెచ్చుకున్నదని విని పెరిగిన మనకు, ఈ మౌనం ఎంత పెద్ద నిందో వెంటనే తెలుస్తుంది. రచయిత ఆ మౌనం లోపలికి వెళ్లి ఉంటే ఇది గొప్ప నవల అయ్యేది. వెళ్లకుండా, ఆ చికిత్సకుడిని రోగి బంధుమిత్రుల ఇళ్లకు పంపి ఆరాలు తీయించారు. తన వృత్తి ధర్మం తెలిసిన ఏ చికిత్సకుడూ అలా తిరగడు. చివరి మలుపు చదివి నేనూ ఉలిక్కిపడ్డాను. ఆ ఉలికిపాటు తగ్గాక, అలీసియా అనే మనిషి గురించి నాకు ఏం తెలిసిందని ఆలోచిస్తే జవాబు దొరకలేదు. ఆమె బాధనంతా ఆ మలుపు కోసం ఖర్చు చేశారనిపించింది.

ఫ్రీడా మెక్‌ఫాడెన్ 2022లో రాసిన ‘ద హౌస్‌మెయిడ్’ ఇప్పుడు అందరి చేతుల్లోనూ కనిపిస్తోంది. వృత్తిరీత్యా డాక్టరైన ఈ రచయిత్రి కలంపేరుతో రాస్తారు. చిన్న అధ్యాయాలు, ప్రతి అధ్యాయం చివరా తరువాతిదానిలోకి లాగే ఒక కొక్కెం. వారపత్రికల సీరియళ్లతో పెరిగిన తెలుగు పాఠకులకు ఈ పద్ధతి బాగా పరిచయమైనదే. వాక్యం నీరసంగా ఉంటుంది, మనుషులు తొందర తొందరగా మంచివాళ్లో చెడ్డవాళ్లో అయిపోతారు. అయినా అందులో ఒక నిజం ఉంది. జైలు నుంచి పెరోల్ మీద బయటికి వచ్చిన మిల్లీకి ఉద్యోగం పోగొట్టుకునే వీలు లేదు కనుక, యజమానురాలు ఎంత అవమానించినా ఆ ఇల్లు వదలలేదు. ఆమె పడుకోవడానికి ఇచ్చిన అటక గదికి గడియ బయటివైపే ఉంటుంది. ఆ గడియ ఒక్కటీ నాకు ఇప్పటికీ గుర్తుంది, మిగతా కథలో చాలా భాగం గుర్తు లేదు.

ప్రశ్న: నేను టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. మా కోడలు ఇచ్చిన ఇలాంటి నవలలు నాలుగైదు చదివాను. దాదాపు అన్నిటిలోనూ భార్య మతి స్థిమితం లేనిదో, తాగుబోతో, అబద్ధాలకోరో అయి ఉంటోంది. నిజంగా దెబ్బలు తినే ఆడపిల్ల నోరు విప్పి చెప్పుకున్నప్పుడు ఎవరూ నమ్మకుండా చేయడానికే ఈ పుస్తకాలు పనికివస్తాయేమోనని భయం వేస్తోంది. పైగా అత్తమామలు, ఆడపడుచులు, చుట్టాలతో నిండి ఉండే మన ఇళ్లకూ, ఇద్దరే మనుషులు ఒంటరిగా ఉండే ఆ ఇళ్లకూ పోలిక ఏముంది?
— ఒక పాఠకురాలు, చిక్కడపల్లి

జవాబు: మీ భయంలో నిజం ఉంది. దాన్ని చిన్నదిగా చేసి మాట్లాడను. ‘గాన్ గర్ల్’ మీద కూడా ఇదే ఆరోపణ గట్టిగా వచ్చింది. కథానాయిక నమ్మదగినది కాదని చూపడం ఒక రచయిత చేసినప్పుడు అది ప్రయోగం. ఆ పుస్తకం అమ్ముడుపోయిందని పదిమంది రచయితలు అదే చేసినప్పుడు, ఆడదాని మాటను రెండుసార్లు సరిచూసుకోవాలన్న పాత అలవాటుకు అది కొత్త బలం ఇస్తుంది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడతలో (2019–21) 18 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహితలలో 29.3 శాతం మంది భర్త చేతిలో హింసను అనుభవించామని చెప్పారు. ఇంత పెద్ద సంఖ్యలో స్త్రీలు ఎదుర్కొంటున్నదాన్ని వస్తువుగా తీసుకున్న రచయిత, ఆ స్త్రీల మాటకు విలువ తగ్గకుండా రాయవలసిన బాధ్యత తనకుందని గుర్తించాలి.

అయితే అన్ని నవలలనూ ఒకే గాటన కట్టలేం. బి. ఎ. పారిస్ 2016లో రాసిన ‘బిహైండ్ క్లోజ్డ్ డోర్స్’లో భార్య మాట మొదటినుంచీ నిజమే. భర్త జాక్ దెబ్బలు తిన్న భార్యల తరఫున వాదించే పేరున్న లాయరు కావడం వల్ల, అతని మీద ఆమె చేసే ఏ ఫిర్యాదునూ లోకం నమ్మదు. డౌన్స్ సిండ్రోమ్ ఉన్న ఆమె చెల్లెలిని అడ్డుపెట్టుకుని అతడు ఆమెను కదలనివ్వడు. ఉచ్చు బిగించిన తీరు బాగుంది. నా అభ్యంతరం జాక్ మీదే. అతడిలో మనిషన్నవాడు ఒక్క క్షణం కూడా కనిపించడు. అటువంటి రాక్షసుడిని చూసిన పాఠకురాలు ‘మా ఇంట్లో ఆయన ఇలాంటివాడు కాదు కదా’ అని ఊరట చెందుతుంది. ఆ ఊరట ప్రమాదకరమైనది, ఎందుకంటే నిజమైన ఇళ్లలో కొట్టిన చెయ్యే మర్నాడు జ్వరం వస్తే మందు తెచ్చిస్తుంది.

ఈ సంగతి తెలిసిన రచయిత్రి లియాన్ మోరియార్టీ. 2014లో వచ్చిన ‘బిగ్ లిటిల్ లైస్’ను నేను ‘గాన్ గర్ల్’ పక్కనే పెడతాను. ఆస్ట్రేలియాలోని ఒక సముద్రతీర పట్టణంలో, పిల్లల బడి చుట్టూ నడిచే ఈ నవలలో సెలెస్ట్ అనే ధనిక గృహిణి తన భర్త చేయి చేసుకున్న ప్రతిసారీ తనకు తానే ఒక లెక్క చెప్పుకుంటుంది. నేనూ తిరిగి కొట్టాను కదా, పిల్లలంటే ఆయనకు ప్రాణం కదా, ఇంత సుఖం ఇచ్చాడు కదా అని. ఆమె దాచుకునే రహస్యం హంతకుడి పేరు కాదు, తన ఒంటి మీది కమిలిన మచ్చ. కౌన్సెలర్ ఆమెను ‘వెంటనే వదిలేసి వచ్చేయ్’ అనకుండా, ముందు వేరే ఇల్లు అద్దెకు తీసుకుని, అవసరమైనవి అక్కడ అమర్చిపెట్టుకొమ్మని సలహా ఇస్తుంది. ఇల్లు వదిలే సమయమే అన్నిటికంటే ప్రమాదకరమైన సమయమని ఈ రంగంలో పనిచేసేవారు చెబుతారు. ఆ జాగ్రత్తను ఒక జనరంజక నవలలో ఇంత ఓపికగా రాయడం నేను అరుదుగా చూశాను. మీ కోడలిని ఈ పుస్తకం అడిగి తీసుకోండి.

ఇక మన ఇళ్లతో పోలిక మాట. ఇంటినిండా మనుషులున్నంత మాత్రాన ఒక మనిషి ఒంటరి కాకుండా పోదని, టీచరుగా ఎన్నో కుటుంబాలను చూసిన మీకు నేను చెప్పనక్కరలేదు. ‘రెబెక్కా’లో కొత్త పెళ్లికూతురు పనివాళ్లతో నిండిన ఇంట్లోనే భయపడుతుంది. మన దగ్గర చూసేవాళ్లు ఎక్కువ, చూసి సర్దిచెప్పేవాళ్లు ఇంకా ఎక్కువ. చట్టం మాత్రం ఈ విషయంలో మన పెద్దల కంటే ముందుంది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం కొట్టడాన్ని మాత్రమే హింస అనలేదు. మాటలతో కుంగదీయడం, ఇంటి ఖర్చుకు డబ్బివ్వకపోవడం, ఆమె సొమ్మును ఆమెకు అందకుండా చేయడం కూడా హింసేనని మూడో సెక్షన్‌లో రాసింది. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కలిసి కాపురం చేసిన ఇంట్లో నివసించే హక్కును పదిహేడో సెక్షన్ ఇచ్చింది. నవల చదివి తన బతుకు గుర్తొచ్చిన ఆడపిల్ల ఎవరైనా మీ దగ్గర నోరు విప్పితే, మహిళా హెల్ప్‌లైన్ 181 ఉందని చెప్పండి.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద ఈ నవలలు కొనుక్కొస్తోంది. చదవనివ్వవచ్చా?
— ఒక పాఠకుడు, మలక్‌పేట

జవాబు: ‘రెబెక్కా’ చేతిలో పెట్టండి, నిశ్చింతగా చదువుకోవచ్చు. పైన చెప్పిన కొత్త నవలల్లో లైంగిక హింస, మనిషిని బంధించి బాధపెట్టడం వంటివి ఉన్నాయి; దాచేకంటే మీరూ చదివి ఆమెతో మాట్లాడటం మేలు. ఫుట్‌పాత్ మీది కొత్త కాపీలు చాలావరకు దొంగ ముద్రణలు. అక్కడ దొరికే నిజమైన పాత పుస్తకాలనే కొనమనండి.

ప్రశ్న: హైదరాబాద్‌లోని ఒక గేటెడ్ కమ్యూనిటీ ఫ్లాటులో జరిగే ఇలాంటి థ్రిల్లర్‌ను తెలుగులో రాయాలని ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంగ్లిష్ నవలల అనుకరణ అనిపించుకోకుండా ఉండాలంటే ఏం చేయాలి?
— ఒక పాఠకుడు, మియాపూర్

జవాబు: హత్యతో మొదలుపెట్టకండి. ఆ ఇంటి లెక్కలతో మొదలుపెట్టండి. ఫ్లాటు ఎవరి పేరున రిజిస్టరైంది, హోమ్‌లోన్ కంతులు ఎవరి జీతంలోంచి పోతున్నాయి, ఆమె పుట్టింటివారు పెట్టిన బంగారం ఎవరి లాకర్లో ఉంది, ఎల్‌ఐసీ పాలసీలో నామినీగా ఎవరి పేరు రాశారు అనే నాలుగు సంగతులు తేల్చుకుంటే, ఆ భార్యాభర్తలు అబద్ధం ఎక్కడ చెప్పుకుంటారో మీకే తెలిసిపోతుంది. ‘గాన్ గర్ల్’ బలమంతా ఈ లెక్కల్లోనే ఉందని నేను నమ్ముతాను. మీరు తీసుకోవలసింది ఆ పద్ధతిని, ఆ మలుపును కాదు.

గేటెడ్ కమ్యూనిటీలో దాగడం కష్టం అన్నది మీకు మంచి ముడిసరుకు. ఎవరు ఎప్పుడు లోపలికి వచ్చారో గేటు దగ్గర ఫోన్ యాప్‌లో నమోదవుతుంది, లిఫ్టులో కెమెరా ఉంటుంది, పక్క టవర్‌లో కారు అడ్డం పెట్టినా వాట్సాప్ గ్రూపులో ఫొటో వచ్చేస్తుంది. ఇన్ని కళ్ల మధ్య, తలుపు వేసిన ఫ్లాటులోంచి వచ్చిన కేకను మాత్రం ఎవరూ గ్రూపులో రాయరు. ఎందుకు రాయరో మీ నవల చెప్పగలిగితే సగం పని అయినట్లే.

నేను చదవాలని ఆశపడుతున్న నవల ఒకటి ఉంది, వీలైతే మీరు రాయండి. పెద్ద ఫ్లాటులలో వంటింటిని ఆనుకుని, బట్టలుతికే చోటు పక్కన పనిమనిషికని ఒక చిన్న గది కడతారు. శ్రీకాకుళం నుంచో, మహబూబ్‌నగర్ నుంచో వచ్చి ఆ గదిలో రాత్రింబవళ్లు ఉండే అమ్మాయికి ఆ ఇంటి గుట్టంతా తెలుసు. అయ్యగారు ఏ రాత్రి ఎప్పుడు వచ్చారో, అమ్మగారు ఏ మాత్రలు వేసుకుంటారో, పగిలిన గాజుముక్కలు ఎవరు ఊడ్చారో ఆమెకే తెలుసు. కానీ ఇంట్లో వస్తువు పోతే పోలీసులు మొదట పిలిచేది ఆమెనే, ఇంట్లో ప్రాణం పోతే చివరిగా అడిగేది ఆమెనే. ‘ద హౌస్‌మెయిడ్’ తన అటక గదిని ఉపయోగించుకున్న దానికంటే ఎంతో లోతుగా ఈ గదిని ఉపయోగించుకోవచ్చు. ఒక్క షరతు. ఆ అమ్మాయిని మీ మలుపు కోసం మాత్రమే వాడుకోకండి. ఆమెకు ఊళ్లో అప్పు, తమ్ముడి చదువు, తనకంటూ ఒక కోరిక ఉండాలి, ఆమె మాట్లాడే యాస ఆమె ఊరిదే అయి ఉండాలి.

దర్యాప్తు రాసేటప్పుడు కూడా విదేశీ డిటెక్టివ్‌ను తెచ్చి హైదరాబాద్‌లో దించకండి. పెళ్లయిన ఏడేళ్లలోపు భార్య అనుమానాస్పదంగా చనిపోతే మన చట్టం ఆ మరణాన్ని ప్రత్యేకంగా చూస్తుంది. పోలీసుల దర్యాప్తు జరుగుతుండగానే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ హోదాలో తహసీల్దారు వచ్చి శవపంచనామా జరపవలసి ఉంటుంది. పుట్టింటివారి వాంగ్మూలం అక్కడే నమోదవుతుంది. కట్నం కోసం వేధించారన్నది తేలితే కేసు వరకట్న మరణంగా మారుతుంది. కూతురితో ఫోన్‌లో చివరిసారి మాట్లాడినప్పుడు ఆమె గొంతు ఎలా ఉందో తల్లి చెబుతుంటే, ‘సర్దుకుపొమ్మని మేమే చెప్పాం సార్’ అన్న మాట దగ్గర తండ్రి ఆగిపోతుంటే, పక్కగదిలో అల్లుడి తరఫు పెద్దలు రాజీ బేరం మొదలుపెడతారు. ఈ అధ్యాయానికి ఏ ఇంగ్లిష్ నవలలోనూ మీకు నమూనా దొరకదు. నవలలో మొదట దాన్నే రాసి చూడండి, రాశాక మాకు పంపండి.